క్లెమాటిస్ తీగల పెంపకం: మొక్క ఎంపిక నుంచి కత్తిరింపు దాకా

అమెరికాలోనో బ్రిటన్‌లోనో పెరడున్న ఇంట్లోకి మారిన తెలుగువారు నర్సరీకి వెళ్లి ఇష్టపడి తెచ్చుకునే పూల తీగల్లో క్లెమాటిస్ ఒకటి. ఆ తర్వాత వారు అడిగే ప్రశ్నలు దాదాపు ఒకేలా ఉంటాయి. నిరుడు పూసిన తీగ ఈ ఏడు ఎందుకు పూయలేదు? నిన్నటి దాకా పచ్చగా ఉన్న కొమ్మ ఉన్నట్టుండి ఎందుకు వాలిపోయింది? చలికాలం చివర దీన్ని ఎక్కడ కత్తిరించాలి? తీగ ఏ వర్గానికి చెందినది, ఎంత లోతున నాటారు, ఏ నెలలో కత్తెర పెట్టారు అన్న మూడు సంగతులు తెలిస్తే చాలావరకు జవాబు దొరుకుతుంది. అందుకే ఇక్కడ వాటికే ఎక్కువ చోటు ఇస్తున్నాను.

ఒక హద్దు ముందే చెప్పాలి. పెద్ద పూల క్లెమాటిస్‌లు చలికాలంలో ఆకు రాల్చి విశ్రాంతి తీసుకునే మొక్కలు. అమెరికా వ్యవసాయ శాఖ వేసిన చలి మండలాల పటంలో 4 నుంచి 8 వరకు ఉన్న ప్రాంతాలు (అంకె తగ్గే కొద్దీ చలి ఎక్కువ) వీటికి బాగా నప్పుతాయి. బ్రిటన్ వాతావరణం ఇంకా అనుకూలం. హైదరాబాద్, విజయవాడ వంటి చోట్ల ఆ విశ్రాంతికి తగిన చలి ఉండదు, వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. కాబట్టి అక్కడివారు ఆన్‌లైన్‌లో బొమ్మ చూసి డబ్బు పోసి తెప్పించుకోవద్దని నా మనవి. అక్కడి పందిళ్లకు రాధామనోహరం, శంఖుపువ్వు ఉండనే ఉన్నాయి.

1. ముందు వర్గం తెలుసుకోండి, తర్వాతే మొక్క కొనండి

క్లెమాటిస్ రకాలను తోటమాలులు మూడు వర్గాలుగా విడదీస్తారు. పువ్వు రంగును బట్టి కాదు, పువ్వు ఏ కొమ్మ మీద వస్తుందన్న దాన్ని బట్టి.

మొదటి వర్గం నిరుటి కొమ్మల మీదే వసంతంలో పూస్తుంది. మోంటానా, ఆల్పినా, మాక్రోపెటాలా, ఆకు రాల్చని ఆర్మండీ ఇందులోవి.

రెండో వర్గంలో పెద్ద పూల రకాలు ఉంటాయి: నెల్లీ మోజర్, ది ప్రెసిడెంట్, హెన్రీయై, డాక్టర్ రప్పెల్ వంటివి. ఇవి మే, జూన్ నెలల్లో నిరుటి కొమ్మల నుంచి వచ్చిన పొట్టి రెమ్మల మీద ఒకసారి, వేసవి చివర కొత్త చిగుళ్ల మీద మరోసారి పూస్తాయి. రెండో విడతలో పూలు తక్కువ.

మూడో వర్గం పూర్తిగా ఆ ఏడాది వచ్చిన చిగుళ్ల మీదే, సాధారణంగా జూన్ చివర నుంచి పూస్తుంది. జాక్‌మనీ, విటిసెల్లా జాతికి చెందిన ఎటోయిల్ వయొలెట్, పోలిష్ స్పిరిట్, మదాం జూలియా కొరెవాన్, వీటితో పాటు కోమ్టెస్ ద బూషో, ప్రిన్సెస్ డయానా ఈ వర్గంలోవి.

మొదటిసారి పెంచేవారు మూడో వర్గంతోనే, అందులోనూ విటిసెల్లా రకాలతోనే మొదలుపెట్టాలని నా గట్టి అభిప్రాయం. వీటిని కత్తిరించడంలో పొరపాటుకు తావు దాదాపు లేదు, కొమ్మలు ఉన్నట్టుండి వాడిపోయే ఎండు తెగులు వీటిని అంతగా బాధించదు, చలికి తట్టుకుంటాయి. అరచేయంత పువ్వు చూసి ముచ్చటపడి నెల్లీ మోజర్‌తో మొదలుపెట్టేవారే ఎక్కువ. అది మంచి రకమే అయినా, రెండో తీగగా తెచ్చుకోవడం మేలు.

రెండు జాగ్రత్తలు కూడా అవసరం. అమెరికా తూర్పు రాష్ట్రాల్లో ‘స్వీట్ ఆటమ్’ పేరుతో అమ్మే తెల్లపూల తీగ తోట దాటి అడవుల్లోకి పాకి స్థానిక మొక్కలను కప్పేస్తోంది. దాని బదులు అక్కడి నేలకే చెందిన వర్జీనియానా జాతిని నాటవచ్చు. ఓరెగాన్, వాషింగ్టన్ రాష్ట్రాల్లో ‘ఓల్డ్ మ్యాన్స్ బియర్డ్’ అని పిలిచే విటాల్బా జాతి కూడా ఇలాగే హానికరమైన కలుపుగా మారింది. పక్కింటివారు దాని కొమ్మ ఇస్తామన్నా తీసుకోకండి.

2. నర్సరీలో చూసుకోవలసినవి

- చీటీ మీద రకం పేరు, వర్గం సంఖ్య రెండూ ఉండాలి. వర్గం రాయకపోతే పేరును బట్టి ఇంటికి రాకముందే వెతికి తెలుసుకోండి.
- ఒక గ్యాలన్ కుండీలో కనీసం రెండేళ్ల వయసున్న మొక్క మేలు.
- మొక్క మొదలు నుంచి రెండు మూడు కాండాలు వచ్చి ఉంటే మంచిది. పూలు ఎన్ని ఉన్నాయన్నది చూడనక్కర్లేదు.
- కుండీ అడుగున తెల్లని వేళ్లు కనిపించాలి. గోధుమరంగులో మెత్తబడి ఉంటే వదిలేయండి.

పెద్ద దుకాణాల్లో అట్టపెట్టెలో తక్కువ ధరకు దొరికే చిన్న మొక్కలు చెడ్డవేమీ కావు. అయితే వాటిని నేరుగా నేలలో నాటకూడదు. ముందు ఒక చిన్న కుండీలో పెట్టి, వేళ్లు కుండీ నిండా పరుచుకునే వరకు ఒక సీజన్ పెంచి, ఆ తర్వాతే నేలకు మార్చాలి.

3. చోటు, ఆధారం

చాలా రకాలకు రోజుకు ఆరు గంటల ఎండ కావాలి. టెక్సాస్ వంటి వేడి ప్రాంతాల్లో ఉదయపు ఎండ తగిలి, మధ్యాహ్నం నీడ పడే తూర్పు వైపు మేలు. నెల్లీ మోజర్ వంటి లేత రంగు చారల పూలు తీవ్రమైన ఎండలో వెలిసిపోతాయి. వాటికి కొంత నీడ ఉన్న చోటే ఇవ్వండి.

తీగ తల ఎండలో, వేళ్లు నీడలో ఉండాలని అందరూ చెబుతారు. వేళ్లకు నిజానికి కావలసింది తడి ఆరని చల్లని మట్టి. అది మల్చింగ్‌తోనూ, అంటే మట్టి మీద ఆకుల ఎరువో బెరడు ముక్కలో పరచడంతోనూ సాధ్యమే. నీడ కోసం తీగ మొదలు చుట్టూ దట్టమైన మొక్కలు నాటితే అవి నీటికి పోటీ పడి, లేత క్లెమాటిస్‌ను వెనక్కి నెట్టేస్తాయి.

ఆధారం విషయంలో చాలామంది పొరబడతారు. చిక్కుడు తీగలా ఇది కాండంతో చుట్టుకోదు, కాకర తీగలా నులితీగలూ వేయదు. దీని ఆకుకాడలే ఆధారాన్ని పట్టుకుంటాయి. లేత చిగురు పక్కన సన్నని తీగ ఉంచి చూడండి: ఆకుకాడ దానికి తగిలిన వైపు వంగి, ఒకటి రెండు రోజుల్లో ఒక చుట్టు చుట్టి బిగుసుకుంటుంది. ఆ కాడ పొడవు కొద్దిపాటిదే కాబట్టి అర అంగుళం కన్నా లావున్న కర్రను అది చుట్టలేదు. దుకాణంలో కొన్న అందమైన చెక్క పందిరిపై తీగ ఎక్కకుండా జారిపోవడానికి కారణం ఇదే. ఆ చెక్క మీద నైలాన్ వల గానీ, అడ్డంగా సన్నని తీగలు గానీ బిగిస్తే సరిపోతుంది.

ఆధారం ముందే నిలబెట్టి, తర్వాత మొక్క నాటాలి. నాటాక గుంజలు దిగ్గొడితే వేళ్లు తెగుతాయి.

4. నేలను సిద్ధం చేయడం

క్లెమాటిస్‌కు నీరు కావాలి కానీ నిలవకూడదు. గుంట తవ్వి సాయంత్రం దాని నిండా నీరు పోయండి. తెల్లవారేసరికి నీరు ఇంకా నిలిచి ఉంటే ఆ చోటు మార్చండి, లేదా మట్టిని ఎత్తు చేసి మడి కట్టి నాటండి.

తటస్థానికి దగ్గరగా, అంటే పీహెచ్ 6.5 నుంచి 7 మధ్య ఉన్న నేల చక్కగా సరిపోతుంది. దీనికి సున్నం తప్పనిసరి అన్న మాట విని పరీక్ష చేయకుండా చల్లకండి. అమెరికాలో ఉన్నవారు తమ కౌంటీ ఎక్స్‌టెన్షన్ ఆఫీసు (రైతులకూ తోటమాలులకూ సలహాలిచ్చే స్థానిక కార్యాలయం) ద్వారా మట్టి పరీక్ష చేయించుకోవచ్చు. నేల మరీ ఆమ్లంగా ఉందని తేలితేనే సున్నం వేయాలి.

5. నాటే క్రమం

చివరి మంచు ముప్పు దాటిన వసంతం గానీ, నేల గడ్డకట్టడానికి కనీసం ఆరు వారాల ముందు శరదృతువు గానీ నాటడానికి అనువైన సమయాలు. మండుటెండల్లో నాటితే నీళ్లు పోయడమే పెద్ద పని అవుతుంది.

1. కుండీని బకెట్ నీటిలో ముంచి, బుడగలు ఆగేదాకా ఉంచండి. ఎండిన వేరుముద్ద నేలలోకి వెళ్లాక సులువుగా తడవదు.
2. గోడ పక్కన నాటుతున్నట్లయితే గోడకు ఒకటి నుంచి ఒకటిన్నర అడుగు దూరంలో గుంట తవ్వండి. గోడ మొదట్లో వాన పడదు, నేల పొడిగా ఉంటుంది.
3. గుంట అడుగున్నర వెడల్పు, అంతే లోతు ఉండాలి. తవ్విన మట్టిలో బాగా మాగిన కంపోస్ట్ కలపండి. పచ్చి పేడ వేళ్లకు తగలకూడదు.
4. మొక్కను కుండీ నుంచి జాగ్రత్తగా తీయండి. కాండం పట్టుకుని లాగకండి, అది పెళుసు. నర్సరీవారు కట్టిన చిన్న కర్రను అలాగే ఉంచండి.
5. రెండు, మూడు వర్గాల పెద్ద పూల రకాలనూ విటిసెల్లాలనూ కుండీలో ఉన్న మట్టం కన్నా రెండు నుంచి మూడు అంగుళాలు లోతుగా దించండి. కనీసం ఒక జత కణుపులైనా మట్టిలోకి పోవాలి.
6. మొదటి వర్గం జాతులనూ, చలికి నేల దాకా ఎండి మళ్లీ మొలిచే గుబురు రకాలనూ మాత్రం కుండీలో ఉన్న మట్టానికే నాటండి.
7. మొక్కను పందిరి వైపు కొంచెం వాల్చి, మట్టి నింపి, చేత్తో అదిమి, పాదు కట్టి నిండుగా నీరు పోయండి.
8. పైన రెండు మూడు అంగుళాల మందాన ఆకుల ఎరువు గానీ బెరడు ముక్కలు గానీ పరచండి. కాండం చుట్టూ జానెడు చోటు ఖాళీగా వదలండి, లేకపోతే మొదలు కుళ్లుతుంది.

ఐదో మెట్టు మొక్కకు బీమా లాంటిది. మనకు అలవాటైన తోటపనిలో కాండాన్ని మట్టిలో పూడ్చడం తప్పు అనుకుంటాం కాబట్టి చాలామంది ఇక్కడే వెనకాడతారు. కానీ తెగులు వచ్చినా, కుందేలు కొరికినా, గడ్డి కోసే యంత్రం తగిలినా, మట్టి కింద దాగిన కణుపుల నుంచి కొత్త చిగుళ్లు వస్తాయి. పైపైన నాటిన తీగకు ఆ అవకాశం ఉండదు.

6. నీరు, ఎరువు

మొదటి రెండు వేసవులు వానతో కలిపి వారానికి ఒక అంగుళం నీరు అందాలి. రోజూ పైపైన చిలకరించే బదులు వారానికి ఒకటి రెండుసార్లు లోతుగా తడిపితే వేళ్లు కిందికి దిగుతాయి.

ఎరువు సంచి మీద ఉండే మూడు అంకెల్లో మొదటిది నత్రజని. అది ఎక్కువైతే తీగ ఆకు వేస్తుంది, పువ్వు వేయదు. గులాబీలకో టమాటాలకో అమ్మే ఎరువు సరిపోతుంది. వసంతంలో చిగుళ్లు రాగానే మొదలుపెట్టి, మొగ్గలు విచ్చుకునే దశలో ఆపి, మొదటి విడత పూత అయ్యాక మళ్లీ ఇచ్చి, వేసవి చివర పూర్తిగా మానేయండి. ఆలస్యంగా ఇస్తే లేత చిగుళ్లు వచ్చి చలికి మాడిపోతాయి.

మొదటి ఏడు తీగ ఎదగడం లేదని కంగారుపడి ఎరువు రెట్టింపు చేయకండి. అది ముందు వేళ్లు పెంచుకుంటుంది. పందిరి నిండడం మూడో ఏట చూస్తారు.

7. కత్తిరింపు

ఫిబ్రవరి చివర క్లెమాటిస్ తీగ పాత పురికొసలా ఉంటుంది: గోధుమరంగు, పొట్టు లేచిన పైపొర, ఎండిన ఆకుకాడలు. చచ్చిపోయిందనుకుని పీకేసేవారున్నారు. దగ్గరగా వంగి కణుపుల దగ్గర చూడండి. బతికి ఉన్న చోట ఎదురెదురుగా రెండు మొగ్గలు, బియ్యపు గింజంతవి, లేత ఆకుపచ్చగానో ఊదాగానో ఉబ్బి కనిపిస్తాయి. అనుమానంగా ఉంటే పైపొరను గోటితో గీకండి. లోపల పచ్చగా ఉంటే ప్రాణం ఉన్నట్లే. పై భాగం ఎండిపోయినా మొదట్లో మొగ్గలు ఉండవచ్చు. కాబట్టి మే నెల చివరి దాకా ఏ క్లెమాటిస్‌నూ తవ్వి పారేయకండి.

కత్తిరింపుకు పదునైన సికేచర్ (కొమ్మలు కత్తిరించే చేతి కత్తెర) తీసుకుని, స్పిరిట్‌తో తుడిచి, చేతి తొడుగులు వేసుకోండి. దీని రసం కొందరి చర్మానికి మంట పుట్టిస్తుంది. పిల్లలు ఆకు నమలకుండా చూసుకోవాలి. జడలో పెట్టుకోదగిన పువ్వు కూడా కాదు.

*అన్ని వర్గాలకూ, మొదటిసారి.* నాటిన తర్వాత వచ్చే మొదటి వసంతంలో, ఆకు రాల్చని ఆర్మండీ వంటివి తప్ప, ఏ రకమైనా నేల నుంచి అడుగు ఎత్తున, బలమైన మొగ్గల జతకు సరిగ్గా పైన కత్తిరించండి. రెండో వర్గానికి ఆ ఏడాది మొదటి విడత పూత పోతుంది. మనసు ఒప్పుకోదు, కానీ ఇలా చేయకపోతే ఒకే కాండం పైకి పాకి, కింద బోసిగా, పైన పిచ్చుక గూడులా ముడిపడుతుంది. అడుగు ఎత్తున కత్తిరించిన తీగ మొదట్లోనే నాలుగైదు కాండాలుగా విడుతుంది.

*మూడో వర్గం, ఏటా.* ఫిబ్రవరి చివరో మార్చిలోనో, చలి ఎక్కువున్న ఉత్తర రాష్ట్రాల్లో ఏప్రిల్ మొదట్లో, మొగ్గలు ఉబ్బుతుండగా అన్ని కాండాలనూ అడుగు ఎత్తుకు తెచ్చేయండి. పైనున్నదంతా లాగి పారేయండి. ఇందులో ఆలోచించవలసిందేమీ లేదు.

*రెండో వర్గం, ఏటా.* ఇక్కడే తొందరపడకూడదు. ప్రతి కాండాన్నీ కొస నుంచి కిందికి చేత్తో తడుముతూ రండి. మొదట తగిలిన లావైన మొగ్గల జతకు పైన కత్తిరించి వదిలేయండి. ఎండినవి, సన్నగా పీలగా ఉన్నవి తీసేయండి. ఎక్కువగా తీయవలసింది పైనుంచి ఒక అడుగో రెండడుగులో మాత్రమే. దీన్ని ఏటా మొదలంటా నరికితే మే నెల పూత ఎప్పటికీ రాదు. ‘నిరుడు పూసింది, ఈ ఏడు పూయలేదు’ అన్న ఫిర్యాదులో ఎక్కువ భాగం ఇదే. మొదలు మరీ బోసిపోయిందనుకుంటే, మొదటి పూత అయిన వెంటనే రెండు మూడు కాండాలను మాత్రం కిందికి కత్తిరించి కొత్త చిగుళ్లు రప్పించండి.

*మొదటి వర్గం.* ఇది పూత పూర్తయ్యాకే, అదీ చోటు దాటి పెరిగితేనే. శరదృతువులోనో చలికాలంలోనో కత్తిరిస్తే మొగ్గలన్నీ కత్తెరకే పోతాయి.

రకం పేరు పోగొట్టుకున్నవారు, లేదా ఇల్లు కొన్నప్పుడే తీగ ఉన్నవారు, ఒక ఏడాది అసలు కత్తెర పెట్టకుండా ఎప్పుడు పూస్తుందో చూడండి. వసంతంలో చిన్న పూలైతే మొదటిది, మే, జూన్‌లలో పెద్ద పూలైతే రెండోది, జూన్ చివర నుంచి అయితే మూడోది.

8. తరచుగా వచ్చే ఇబ్బందులు

*ఒక కొమ్మ ఉన్నట్టుండి వాలిపోవడం.* ముందు మొదలు చూడండి. కాండం విరిగిందా, నత్తలు చెక్కాయా, కుందేలు కొరికిందా అన్నది తేల్చుకోండి. చాలాసార్లు కారణం అక్కడే దొరుకుతుంది. అవేవీ కాక, ఆకుకాడలూ కాండమూ నల్లబడి ఉంటే అది శిలీంధ్రం వల్ల వచ్చే ఎండు తెగులు. పెద్ద పూల రకాలకు ఎక్కువగా వస్తుంది. వాడిన కాండాన్ని ఆరోగ్యంగా ఉన్న చోటి దాకా, అవసరమైతే నేల మట్టం కింది దాకా కత్తిరించి చెత్తబుట్టలో వేయండి. కంపోస్ట్‌లో వేయకండి. ప్రతి కోతకూ కత్తెర తుడవండి. లోతుగా నాటిన మొక్క అదే ఏడాదో మరుసటి ఏడాదో తిరిగి లేస్తుంది.

*పూలు ఆకుపచ్చగా రావడం.* క్లెమాటిస్‌లో మనకు పూరేకులుగా కనిపించేవి నిజానికి రక్షకపత్రాలు. వసంతం చల్లగా, మబ్బుగా ఉంటే అవి పూర్తిగా రంగు తిరగవు. తర్వాతి పూలు మామూలుగా వస్తే చేయవలసిందేమీ లేదు. ఏటా పూలన్నీ ఆకుల్లా వికారంగా వస్తుంటే అది సూక్ష్మజీవి వల్ల వచ్చే ఆస్టర్ యెల్లోస్ కావచ్చు. దానికి మందు లేదు, మొక్కను తీసేయాలి.

*ఆకుల మీద తెల్లని పొడి.* బూడిద తెగులు. నేల పొడిబారి, గాలి ఆడని మూలల్లో వస్తుంది. మొక్క మొదలుకు నీరు సరిగా పోసి, కిక్కిరిసిన కొమ్మలు తీసేస్తే తగ్గుతుంది.

*పేనుబంక.* చిగుళ్లను నీటి పైపుతో గట్టిగా కడగండి. మందులు చల్లేదాకా వెళ్లనక్కర్లేదు.

*తీగ కింది భాగంలో ఆకులు గోధుమరంగుకు తిరగడం.* మూడో వర్గంలో వేసవి నడిమికి ఇది మామూలే. నీరు తగ్గిందేమో మాత్రం చూడండి.

9. కుండీల్లో పెంచేటప్పుడు

అపార్ట్‌మెంట్ బాల్కనీల్లో ఉన్నవారు పీలూ వంటి పొట్టి రకాలు ఎంచుకోవాలి. కుండీ కనీసం అడుగున్నర లోతు, అంతే వెడల్పు ఉండాలి. అడుగున రంధ్రాలు తప్పనిసరి. వేసవిలో రోజూ మట్టిలో వేలు పెట్టి చూసి నీరు పోయండి. కుండీలో వేళ్లకు నేల ఇచ్చే రక్షణ ఉండదు కాబట్టి, మీ మండలం కన్నా రెండు మండలాలు ఎక్కువ చలిని తట్టుకునే రకం కొనడం క్షేమం. గడ్డకట్టే రోజుల్లో కుండీని గోడవారకు జరిపి గోనెపట్టా చుట్టండి.

10. ఒక తీగ నుంచి మరో మొక్క

కొమ్మ ముక్కలు నాటడం కన్నా నేల అంటు తేలిక. వసంతం చివర, విరగకుండా వంగే నిరుటి కొమ్మను నేల దాకా వంచండి. కణుపు ఉన్న చోట కింది వైపు చిన్న గాటు పెట్టి, దాన్ని మట్టిలో రెండు అంగుళాల లోతున పూడ్చి, వంచిన ఇనుప తీగతో అదిమి, పైన ఒక రాయి పెట్టండి. కొస మాత్రం బయటే ఉండాలి. ఆ చోటు తడి ఆరకుండా చూసుకుంటే దాదాపు ఏడాదికి వేళ్లు దిగుతాయి. మెల్లగా లాగి చూసినప్పుడు పట్టు తగిలితే తల్లి తీగ నుంచి కత్తిరించి, ముందు కుండీలోకి మార్చండి. రకం పేరు, వర్గం సంఖ్య రాసిన చీటీని ఆ రోజే కుండీకి కట్టండి. దాన్ని ఎవరికైనా ఇస్తే, ఎక్కడ కత్తిరించాలో వారికి ఆ చీటీ చూస్తేనే తెలుస్తుంది.